ఎక్కిళ్ళ ఇంజను

చక్రం ఊడలాగే పుల్లర్ మరను ఇంకో సగం చుట్టు బిగించి, దాని తల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు నజీర్ అహ్మద్. టప్పుమని ఇంజను పక్కనున్న మ్యాగ్నెట్ చక్రం ఊడి అతని అరచేతిలో పడింది. దాన్ని గుడ్డ మీద బోర్లించాడు. చెవికి దారంతో కట్టుకున్న కళ్ళజోడు సరిచేసుకుని ఇరుసు మీదికి వంగాడు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

నిజానికి ఆ పూట చేయాల్సిన పని తేలికైనదే. రెండు వారాలుగా అతని కొట్టులో ఒక మినీబైకు నిలబడి ఉంది. మోకాలెత్తు బండి. చక్రాలు పూరీ పళ్ళెమంత. ఎప్పుడో ఒక విదేశీ ఓడ ఆఫీసరు రేవులో తిరగడానికి తెచ్చుకుని, పాడైతే ఇక్కడే దించేసి పోయాడట. సీతమ్మధారలో ఉండే మోహన్ అనే కుర్ర కాంట్రాక్టరు దాన్ని సరదాపడి కొన్నాడు. నజీర్ తుప్పు గీకాడు, చట్రం వెల్డింగ్ చేశాడు, ఎర్ర రంగు వేశాడు. అసలు ఇంజను మాత్రం ఉప్పు తినేసి బూడిదలా రాలిపోయింది. దాని బదులు పాత ఇనుప సామాన్ల జావేద్ దగ్గర ఒక చిన్న ఇంజను దొరికింది. నడిపించి చూసేముందే, ప్లగ్గులో నిప్పు కాస్త బలహీనంగా పడుతోందని ఇవాళ చక్రం విప్పాడు.

చక్రానికీ ఇరుసుకీ మధ్య చంద్రవంకలాంటి చిన్న ఇనుప ముక్క ఉంటుంది. కీ అంటారు. అది సరిగ్గా ఉంటేనే ప్లగ్గులో నిప్పు సమయానికి పడుతుంది. అది తెగితే ఇంజను ఉన్నపాటున ఆగిపోతుంది. తర్వాత ఎంత తాడు లాగినా లేవదు.

కంపెనీ కీ తెల్లగా, నున్నగా ఉంటుంది. ఈ కీ నల్లగా ఉంది. దాని వీపు మీద ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

ఆ గీతలు తనవి. ఆ ఇనుము తన భార్య మదీనా బీ కత్తిపీట కొస.

నజీర్ నేల మీద చతికిలబడ్డాడు.

ఆరేళ్ళ కిందటి మాట. ఆ రోజు బంద్. స్పేర్ పార్టుల షాపులన్నీ మూసేశారు. జాలరిపేట అర్జునరావు తన చిన్న నావకు కట్టే ఇంజనును భుజాన మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. "బావా, రేపు ఏటకెల్లకపోతే మా ఇంట్లో పిల్లి కూడా నా మొకం సూడదు. ఏటో ఒకటి సెయ్యి" అన్నాడు. నజీర్ ఇంట్లోకి వెళ్ళి కత్తిపీట కొస విరగ్గొట్టుకొచ్చాడు. దాన్ని రాకి రాకి కీ చేశాడు. ఇకమీద చేపలు పళ్ళతో కోయాలా అని మదీనా బీ వారం రోజులు సాధించింది.

కీ వెంట్రుకవాసి పలచనైంది. దాంతో ఇంజను పరుగులో తడబాటు వచ్చింది. టకటకటక, చిన్న ఆగుడు, మళ్ళీ టకటక. పది రోజుల తర్వాత అర్జునరావు నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇంజనుకి ఎక్కిల్లు ఎట్టినావు గదా బావా! మా గంగాలు ఒడ్డుమీద కల్లు మూసుకోని సెప్పీత్తంది, నానొత్తన్నానని."

"కొత్తది తెప్పిస్తాను, మార్చేద్దాం" అన్నాడు నజీర్.

"ఒద్దొద్దు. ఇప్పుడు దానికి అలవాటైపోనాది."

జాలరిపేట ఆడవాళ్ళకు తెల్లవారుజామున కళ్ళతో పని లేదు. చీకట్లో చెవులే చూస్తాయి. ఏ చప్పుడు ఎవరి నావదో చెప్పి, ఎవరి తట్ట వాళ్ళు ఎత్తుకుంటారు.

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. వేటకు వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు, ఒక్క అర్జునరావు తప్ప. అతని నావకు కాస్త ముందు వస్తూ ఒడ్డు చేరిన కొండలరావు చెప్పిన మాట పేటంతా పాకింది. "ఎనకాల దాని సౌండ్ ఇనబడతానే ఉంది. గబుక్కున ఆగిపోనాది."

గబుక్కున ఆగిపోనాది. ఆరేళ్ళుగా ఆ మాట నజీర్ చెవిలోనే కాపురం పెట్టింది. నమాజులో మోకరిల్లితే వినపడేది. రోడ్డు మీద ఏ స్కూటరు ఆగినా వినపడేది. కీ తెగింది. తన కీయే తెగింది. సముద్రం మధ్యలో అర్జునరావు తాడు లాగుతూనే ఉండి ఉంటాడు. ఈ సంగతి ఒక్క మదీనా బీకే చెప్పుకున్నాడు. ఆమె పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి అది పూర్తిగా అతనొక్కడిదే.

ఇప్పుడు స్క్రూడ్రైవరు మొనతో కీని నొక్కి చూశాడు. కదల్లేదు. రెండోవైపు నొక్కాడు. కదల్లేదు. ఎక్కడా చీలిక లేదు, అంచు కూడా నలగలేదు.

తెగలేదు!

నజీర్ నవ్వాడు. ఒంటరిగా, గట్టిగా. ఎదురింటి మేక తలెత్తి చూసింది. అతని భుజాల మీంచి ఏదో దిగిపోయింది. లేచి నిలబడి, వెంటనే మళ్ళీ ఇంజను వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఇంజను ఇక్కడుంది. మరి నావ?

కొట్టు తలుపు దగ్గరగా వేసి, రెండు సందుల అవతలున్న జావేద్ దగ్గరికి దాదాపు పరిగెత్తాడు. జావేద్ పాత ఫ్యాన్ల గుట్ట మీద కూర్చుని రాగి తీగ ఒలుస్తున్నాడు.

"ఏం చాచా, అంత స్పీడుగా? వాపసు తీసుకోనని ముందే చెప్పీసాను."

"ఆ ఇంజను ఎక్కడిది?"

"కాకినాడ లాట్‌లో వచ్చింది. ఏదో తోటలో నీళ్ళు తోడిందంట."

"అంతకుముందు?"

"పిల్లనిస్తన్నావేటి చాచా? ఇంజనుకి వంశం అడిగినోణ్ణి నిన్నే చూసినాను." జావేద్ నవ్వబోయి, నజీర్ ముఖం చూసి మానేశాడు. "ట్రాలరోళ్ళ వలలో పడిందంట. తుఫాను తర్వాత. నావ వెనక చెక్కతో సహా వచ్చిందంట, బోల్టులు బిగించినవి బిగించినట్టే. చెక్క నిలువునా చీలిపోయుందని అమ్మినోడు చెప్పాడు. ఎందుకు?"

"ఏం లేదు" అన్నాడు నజీర్.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మెల్లగా నడిచాడు. రేవు వైపు నుంచి వచ్చే ఎర్ర దుమ్ము అరుగుల మీద పలచగా పరుచుకుంది. ఇంజను ఆగలేదు. నావే బద్దలైంది. ఇందులో తన తప్పు లేదు. కానీ ఇందులో అర్జునరావు భార్య గంగాలమ్మకు ఆశపడటానికి మిగిలింది కూడా ఏమీ లేదు.

గంగాలమ్మ రోజూ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మి, మధ్యాహ్నం ఈ సందులోంచే వెళ్ళేది. నజీర్ కొట్టు గోడ నీడలో కాసేపు కూర్చునేది. నీళ్ళు తాగేది. నుదుట రూపాయంత బొట్టు. బంధువులు కర్మ చేయమని మూడుసార్లు వచ్చారు. ఒక్క చెక్కముక్కయినా తిరిగి రానిదే చెయ్యనని ఆమె వాళ్ళను పంపేసింది. ఇన్నేళ్ళలో నజీర్‌ను ఇంజను గురించి ఒక్క మాట అడగలేదు. అడగకుండా అలా కూర్చుంటే అతని చేతిలో స్పానరు జారేది.

డబ్బాలోంచి కంపెనీ కీ తీశాడు. నల్లదాన్ని ఊడదీసి దాని చోట తెల్లదాన్ని పెట్టాడు. అతికినట్టు కూర్చుంది. చక్రం బిగించాడు. ఇంజనును మినీబైకు చట్రంలోకి ఎత్తి, బోల్టులు వేసి, చైను తగిలించాడు. చిన్న ట్యాంకులో కాస్త పెట్రోలు పోసి తాడు లాగాడు. రెండో లాగుకే అందుకుంది. నున్నటి చప్పుడు. ఒక్క తడబాటు లేదు. అది ఎవరి ఇంజనైనా కావచ్చు. రేపు మోహన్ వస్తాడు, బండి వెళ్ళిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

స్విచ్చి నొక్కి ఆపాడు.

"ఇదేటన్నా, గుర్రానికి పుట్టిన గొర్రిపిల్లలాగుంది!"

గంగాలమ్మ. ఖాళీ తట్ట దించి గోడకు ఆనుకుని కూర్చుంది. మినీబైకును ఎగాదిగా చూసి నవ్వుతోంది.

"ఓడోల్ల బండి" అన్నాడు నజీర్.

"దీనిమీద మనిసి ఎక్కితే కాల్లెక్కడ ఎట్టుకుంటాడు? బుజాలమీదా?" చెంబెత్తి నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎండ మాడ్సీత్తంది. ఇల్లు సున్నాలేయించుకుంటన్నాను. పేటలో అందరూ రంగులు మార్సీసినారు. గులాబీ అంట, పచ్చ అంట. నాను మాత్రం ఆ పాత నీలమే ఏయిస్తన్నాను."

"ఎందుకూ?"

"ఎందుకేటన్నా? ఒచ్చినోడు ఇల్లు పోల్చుకోవాల గదా."

నజీర్ జేబులో చెయ్యి పెట్టాడు. నల్ల కీ వేళ్ళకు తగిలింది. పొద్దున తాను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆ తేలికదనం తాను ఒక్కడే దాచుకుని, ఈమెను ప్రతి ఏడూ గోడకు నీలం వేయించుకోనివ్వాలి. ఎన్నేళ్ళు?

స్పానరు తీసుకుని బండి ముందు కూర్చున్నాడు. చక్రం మూత విప్పాడు. ఇంజను ఇంకా వేడిగా ఉంది. వేళ్ళు కాలాయి. వదల్లేదు.

"బాగానే నడిసింది గదా, సందు మొదట్లోంచి ఇన్నాను. మల్లీ ఎందుకిప్పుతన్నావ్?"

"దీని గొంతు అది కాదు సెల్లీ."

ఆమెకు అర్థం కాలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తెల్ల కీ తీశాడు. నల్ల కీ పెట్టాడు. చక్రం బిగించాడు. తాడు చేతికి చుట్టుకుని, ఒక క్షణం ఆమె వైపు చూసి, లాగాడు.

టకటకటక. చిన్న ఆగుడు. టకటక.

గంగాలమ్మ కళ్ళు మూసుకుంది.

కావాలని మూసుకోలేదు. అవే మూసుకుపోయాయి. మెడ కొద్దిగా పక్కకు వాలింది, ఒడ్డు మీద గాలికి చెవి ఒగ్గినట్టు. పెదవుల చివర ఒక నవ్వు మొదలైంది. చెయ్యి తట్ట కోసం తడుముకుంది. అప్పుడు కళ్ళు తెరిచింది. ఎదురుగా సముద్రం లేదు. నూనె మరకల గోడ, ఎర్ర రంగు బండి, తల వంచుకున్న ముసలి మెకానిక్కు.

నజీర్ స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఆపకు" అంది. "దానంతటది ఆగిపోనీ."

ఇద్దరూ విన్నారు. ట్యాంకులో పోసింది కొంచెమే. కాసేపటికి ఎక్కిళ్ళు ఎక్కువయ్యాయి. ఒక్కటి పెద్దగా వచ్చింది. ఇంజను ఆగిపోయింది. రేవులో ఏదో ఓడ కూత వేసింది.

"ఏ ఒడ్డుకి ఒచ్చినాది?"

జావేద్ చెప్పినదంతా చెప్పాడు. వల, బోల్టులు, నిలువునా చీలిన చెక్క. ఏదీ దాచలేదు. ఆమె ఏడవలేదు. చెక్క దగ్గరికి వచ్చేసరికి ఒకసారి తల ఊపింది, అంతే.

"సెల్లీ, నానేసిన కీ తెగలేదు" అన్నాడు చివరికి. "ఆరేల్లూ అదే తెగిందనుకున్నాను."

"నానూ అదే అనుకున్నాను" అంది గంగాలమ్మ.

నజీర్ తలెత్తాడు.

"నీ గోడకి నీడుందనేటి నానొచ్చి కూకున్నాను? తోవలో ఎన్ని సెట్లు నేవు! ఒక్కరోజైనా నోరిప్పుతావనీసి. తిట్టీసి ఎల్లిపోదామనీసి." ఆమె గొంతులో కోపం లేదు. "ఇప్పుడు తిట్టడానికి కూడా ఒవులూ నేరు."

ఇన్నేళ్ళూ ఆమె నీళ్ళకోసం వస్తోందనుకుని, నజీర్ రోజూ చెంబు కడిగి నింపి పెట్టాడు.

"ఆ కీ నాకిచ్చీ అన్నా. నీల్లల్లో కలపడానికి ఏదో ఒకటుండాల గదా."

మళ్ళీ విప్పి ఇచ్చాడు. కొంగున ముడేసుకుంది. కాస్త నూనె అడిగింది. కొత్త డబ్బా తెరిచి ఆమె అరచేతిలో పోశాడు. రెండు మణికట్లకూ రాసుకుని, వేళ్ళు దగ్గరగా నొక్కిపట్టి, గాజులు ఒక్కొక్కటీ జార్చడం మొదలుపెట్టింది.

"రేపు సుట్టాలందరూ ఒచ్చి ఇయ్యి బద్దలుకొడతారు. ఆ సౌండ్ మాత్రం నాను ఇననేను."

చేతులు ఖాళీ అయ్యాక, నజీర్ పనిముట్లు సర్దుతుండగా, లేచి బెంచీ దాకా వెళ్ళొచ్చింది. తట్ట ఎత్తుకుంది. మార్కెట్టు వైపు కాదు, ఇంటివైపూ కాదు, సముద్రం వైపున్న సందులోకి తిరిగింది.

మర్నాడు మోహన్ వచ్చాడు. కొత్త కీతో మినీబైకు ఒక్క తడబాటు లేకుండా సందు దాటిపోయింది. నజీర్ బెంచీ దగ్గరికి వచ్చి, ఇనుము కదలకుండా పట్టే వైసు బిగించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వైసు పిడికి తగిలించి ఉన్నాయి పచ్చ గాజులు, ఇంకా నూనెతో మెరుస్తూ, ఒక్కటీ చిట్లకుండా.