దేవిక రాయని మాట

పిల్లల రాతల్లో ఉప్పు తగ్గిందనిపిస్తే రోజారాణి టీచరు చెయ్యి ఊరుకోదు. సిద్దిపేట గురుకులంలో ఏడో తరగతికి ఈసారి స్వగతం రాయడం నేర్పింది. "మీ ఇంట్ల ఎవరన్నా ఒకరై, నేను అనుకుంట రాయండి" అంది. కొందరు అవ్వలయ్యారు, ఇద్దరు ఏకంగా బర్రెలయ్యారు. దేవిక వాళ్ల నాయిన శైలేందర్ అయింది.

ఆయన తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన గీతకార్మికుడు. "నడుముకు మోకు కట్టుకొని చెట్టెక్కినట్టు కల పడ్తది. పొద్దుగాల లేస్తే మంచంలనే ఉంట. నా భార్య కూలికి పోతది, నేను కోళ్లను అదిలిస్త" అని రాసింది పిల్ల. అక్కడితో ఊరుకుంటే ఏం పోయేది? ముగింపు చప్పగా ఉందని టీచరే ఇంకో మాట కలిపింది: "పడ్డ దినమే సచ్చిపోయినా బాగుండు." గొంతు వణికిస్తూ ఎలా అనాలో కూడా దగ్గరుండి నేర్పింది.

తల్లిదండ్రుల సమావేశంలో దేవిక భుజాన తువ్వాల వేసుకుని స్వగతం వినిపిస్తూ ఆ మాట అనగానే హాలంతా చప్పట్లు. తలుపు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం కొట్టలేదు. రాలేడనుకున్న శైలేందర్ కోహెడ నుంచి బస్సెక్కి వచ్చాడు. రోజారాణి ఆయన్ని అప్పుడే చూసింది. కన్నబిడ్డ నోటితో తండ్రి చావు పలికించాను, ఈ పాపం ఎక్కడ కడుక్కోను అని లోలోపల కుమిలిపోయింది.

సమావేశం అయ్యాక ఆయన వరండాలో ఆమె కోసం ఆగాడు.

"అంతా నిజమే చెప్పింది మేడం. ఆఖరి మాట మాత్రం నేనెన్నడు ఎవలతోని అనలే. మనసుల అనుకున్న, గంతే. దీనికెట్ల ఎర్కయింది?"

"అది దేవిక రాయలేదన్నా. నేనే కలిపిన. తప్పు నాది, మాఫ్ చెయ్యి."

కోప్పడతాడనుకుంది. ఆయన మొహం తేటపడింది.

"మీరు రాసిన్రా? అయితే నా బిడ్డకు తెల్వదు గదా?"

తండ్రికి మంచినీళ్లు తెచ్చిన దేవిక ఆయన వెనకే నిలబడి ఉంది. అంతా విన్నదని ఆ మొహమే చెబుతోంది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, చెప్పొద్దు టీచర్ అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తెల్వదన్నా" అంది రోజారాణి.