ఉంగరం తొడిగే చెయ్యి

మధ్యయుగాల యూరప్‌లో కొత్త బిషప్ వేలికి ఉంగరం తొడిగే హక్కు ఎవరిదని రాజులూ పోపులూ తరాల తరబడి పోట్లాడుకున్నారు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా స్కూల్లో ఆ రోజు నా పాఠం అదే.

"అయితే మిస్, బిషప్‌కి బాస్ ఎవరు? దేవుడా, రాజా?" అన్నాడు శ్రేయాస్.

"ఉంగరం తొడిగినవాడు" అన్నాను. క్లాసు నవ్వింది.

మావారు కృష్ణమోహన్ పోయి అప్పటికి వారం.

సాయంత్రం మా గుడి చైర్మన్ వీరభద్రరావు ఫోన్ చేశారు. గుడి కమిటీకి ఎన్నికలు జరపాలని మావారు ఆయన మీద కోర్టుకెళ్ళారు. ఇప్పుడా కేసు నడపాల్సింది నేను.

"చెల్లెమ్మా, శనివారం పెద్దకర్మకి మన గుడి పంతులు శాస్త్రిగారిని పిలిచావట. ఆయన చేత గుడి బయట ఏం చేయించాలన్నా చైర్మన్‌గా నా పర్మిషన్ ఉండాలి కదా. ఆ రూల్ పెట్టింది మన కృష్ణమోహనే."

నిజమే. మొదటి చైర్మన్‌గా ఆయనే పెట్టారు.

"ఇవ్వండి, అన్నయ్యగారూ."

"అయ్యో, ఎందుకివ్వను? నువ్వా కేసు విత్‌డ్రా చేసెయ్, అంతే. పాపం, శాస్త్రిగారి వీసా కూడా గుడిదే. ఆయన పిల్లలేమో చిన్నవాళ్ళు." ఆ గొంతులో కోపం లేదు.

చుట్టుపక్కల అపరకర్మలు చేయించేది శాస్త్రిగారొక్కరే. అయినా ఆయనకు ఫోన్ చేసి రావద్దన్నాను. కేసు వదలనని కూడా చెప్పాను.

"నేను దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది కృష్ణమోహన్‌గారొక్కరే అమ్మా" అని పెట్టేశారు.

శనివారం ఆయన గరాజ్ వైపు నుంచి వచ్చారు. మా అమ్మాయి నైనిక చేత పిండాలు పెట్టిస్తుండగా ఇంటి ముందు ఒక నల్ల కారు ఆగింది. ఎవరూ దిగలేదు.

"అమ్మా, వీరభద్రరావు అంకుల్ కార్ అది. లోపలికి రమ్మని చెప్పాలా?" అంది నైనిక.

శాస్త్రిగారు కిటికీ వైపు చూశారు. మంత్రం ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించారు. ఆఖరి పిండం పెట్టించేదాకా కారు అక్కడే ఉంది.

వెళ్ళే తొందరలో ఆయన తన ఉద్ధరిణి మరిచిపోయారు. వారం తిరిగాక ఆదివారం అది ఇచ్చేద్దామని గుడికి వెళ్ళాను. ఏడాది దాకా లోపలికి వెళ్ళకూడదు కనుక అద్దాల తలుపు బయటే నిలబడ్డాను.

లోపల ఒక కొత్త పంతులుగారు ఉన్నారు. వీరభద్రరావు హారతి పళ్ళెం ఆయన చేతికి అందించారు. వరసలో మొదటావిడ కళ్ళకద్దుకోవడానికి ముందుకొచ్చింది. కొత్తాయన పళ్ళెం చాపబోయి, ముందు వీరభద్రరావు వైపు చూశారు.