జయంతిని పిలవని సీమంతం

అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో జయంతి వాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో ఏ తెలుగువాళ్ళ ఇంట వేడుకైనా పులిహోర కలపడానికి ఆమె గంగాళమే దిక్కు. ఆ శనివారం కింది ఇంటి రేణు సీమంతం. గంగాళం అడిగి పట్టుకెళ్ళారు. మనిషిని మాత్రం పిలవలేదు. ఆహా, ఏం మర్యాద! గిన్నెకి అంటని అశుభం మనిషికి అంటిందన్నమాట.

కిందటేడు, ఎనభై మూడులో, నెలలు నిండాక జయంతి పాప కడుపులోనే పోయింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, కారణమేమీ కనబడలేదనీ, మళ్ళీ ప్రయత్నించవచ్చనీ చెప్పాడు. కారణం దొరికితే దాన్నైనా తిట్టుకునేది. దొరక్కపోయేసరికి తానే కారణమేమోనని కుమిలిపోయింది. బిడ్డ కావాలని ఉంది, మళ్ళీ కడుపంటేనే వణుకు. ఇక పురుడు పోయడానికి బెజవాడ నుంచి వచ్చిన రేణు తల్లికైతే ఏ అనుమానమూ లేదు. ఆ పిల్లని శుభకార్యాలకి పిలవకూడదని ఒక్క మాటలో తేల్చేసింది.

కింద పాటలు, నవ్వులు. జయంతి కిటికీ మూసేసి పెరుగన్నం కలుపుకుంది.

పేరంటం అయిపోయాక ఎవరో తలుపు తట్టారు. తీస్తే రేణు. చేతినిండా గాజులు, బుగ్గలకి గంధం, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"జయంతక్కా, వాక్‌కని చెప్పి వచ్చాను. పొద్దుట్నించీ బేబీ మూవ్ అవలేదు. అమ్మకి చెప్తే అశుభం మాట్లాడకు అంటుంది. మీకైతే తెలుస్తుంది కదక్కా?"

మీకైతే! ఆనాడు తన పాప కూడా ఇలాగే కదలడం మానేసింది. నిద్రపోతోందిలే అనుకుంది పిచ్చిది.

"చెప్పులేసుకో, కార్‌ తీస్తాను" అంది.

ఆస్పత్రిలో నర్సు రేణు పొట్టమీద బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్ పెట్టింది. జయంతి గోడకి ఆనుకుని నిలబడింది. తన పొట్టమీద పెట్టినప్పుడు ఆ మిషన్ నోరు విప్పలేదు. ఇప్పుడు కాసేపు గరగరమని, ఉన్నట్టుండి దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. రేణు భోరుమంది. జయంతీ ఏడ్చింది. సంతోషమూ ఉంది, కుళ్ళూ ఉంది. దాచడం దేనికి!

ఫోన్ చేస్తే రేణు భర్త, తల్లి పరుగున వచ్చారు. తల్లి కూతుర్ని కావలించుకుని, జయంతిని చూడగానే కొంగుతో కూతురి పొట్ట కప్పింది.

"ఇంటికెళ్ళగానే దిష్టి తియ్యాలి" అంది, గట్టిగానే.

"అమ్మా!" అని రేణు అరిచింది. అప్పటికే జయంతి తలుపు దాటేసింది. పార్కింగ్‌లో కారెక్కి కూర్చుంటే ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఏడాదిగా ఉన్న వణుకు కాస్త వెనక్కి తగ్గింది.

ఇంటికొచ్చేసరికి భర్త రాధాకృష్ణ కాఫీ కలుపుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పింది.

"నాకూ బిడ్డ కావాలి" అంది చివరికి.

అతని చేతిలో చెంచా ఆగిపోయింది. "మళ్ళీ అలాగే అయితే?"

"అవదని ఎవరు గ్యారంటీ ఇస్తారు? అయితే ఏడుస్తాను. ఈసారి మాత్రం ఓవర్‌టైమ్ అని ఆఫీస్‌కి పారిపోకు. నా పక్కన కూర్చుని నువ్వూ ఏడువు."