ఎక్కడ భయపడ్డావు?

నానబెట్టిన చూన్యో గడ్డల తొక్క తీస్తున్నాను. మంచులో గడ్డకట్టించి, కాళ్ళతో తొక్కి, ఎండబెట్టిన బంగాళాదుంపలవి. రాత్రంతా నానితేగాని మెత్తబడవు. తెల్లవారుజామున మా కొండమీది ఊరు ఎల్ ఆల్తోలో కుళాయి నీళ్ళలో చెయ్యి పెడితే ఎవరి వేళ్ళయినా తిమ్మిరెక్కుతాయి. అందుకే ఈ పనంటే నాకిష్టం. ఈ ఒక్క పనిలోనే వేళ్ళు మొద్దుబారితే అది నీళ్ళ వల్లేనని సరిపెట్టుకోవచ్చు. మిగతా పనుల్లో ఆ వీలు లేదు.

బడికి తయారై నా పక్కన పీట మీద కూర్చున్న మైరా ఉన్నట్టుండి అంది. "అమ్మా, నా చేతుల్లో కూడా చీమలు పాకుతున్నాయి."

"నీళ్ళు చల్లగా ఉన్నాయి కదమ్మా. చెయ్యి తీసెయ్."

"నేను నీళ్ళలో పెట్టలేదుగా."

తలెత్తి చూశాను. ఆరేళ్ళ పిల్ల. అరచెయ్యి గుండె మీద ఆనించి, నోరు కొంచెం తెరిచి, గాలిని మెల్లగా లోపలికి లాగుతోంది. లాగి, ఆపి, పెదవుల మధ్య నుంచి వదులుతోంది. అది నేను చేసే పని. పొయ్యి వైపు తిరిగి, వీపు ఇంటికి పెట్టి, ఎవరూ చూడటం లేదనుకుని చేసే పని. కత్తి చేతిలోంచి జారి గిన్నెలో పడింది. నాకు వచ్చిన జబ్బు నాతోనే పోతుందని ఎంత ధీమాగా ఉన్నాను.

జబ్బంటే ఏమని చెప్పను. ముందు మెడ బిగుసుకుంటుంది. తర్వాత గొంతులో ఏదో అడ్డుపడి ఉమ్మి కూడా మింగుడుపడదు. గుండె పరుగెడుతుంది, పెదవులు, వేళ్ళు మొద్దుబారతాయి, ఇక్కడే ఇప్పుడే చచ్చిపోతాననిపిస్తుంది. చచ్చిపోను. లేచి మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుంటాను. స్కూలు యూనిఫారాలు కుడతాను ఇంట్లోనే. ఒకసారి సూది గోట్లోంచి దిగిందాకా వేలు అక్కడుందని తెలియలేదు. రక్తం కాలరు మీద పడింది. "తెల్లబట్ట, కాస్త చూసుకోవద్దూ," అంది మా అత్తగారు గుమెర్సిందా. వేలి సంగతి ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆరోగ్య కేంద్రంలో గుండెకు తీగలు పెట్టి చూశారు, రక్తం తీసి చూశారు. "అంతా బాగుందమ్మా, నరాల నీరసం. ఆందోళన పెట్టుకోకండి," అన్నాడు ఆ కుర్ర డాక్టరు. పెట్టుకోవడానికి అదేమన్నా చెవి జుంకీనా, వద్దనుకుంటే తీసి డబ్బాలో పడెయ్యడానికి. బయటికి రాగానే నా మొగుడు విల్ఫ్రేడో, "విన్నావుగా, ఏమీ లేదట. ఏమీ లేనిదానికి ఇవాళ బండి ఆపేసుకున్నాను," అన్నాడు. అతను మినీబస్సు నడుపుతాడు. ఇంటికి రాగానే అతను ఆ మాట చెబితే అత్తగారు నవ్వింది. "మా రోజుల్లో గుండె దడదడలాడ్డానికి తీరికేదీ. అయిదుగుర్ని కన్నాను, ఒక్కసారి పట్టుకుని చూసుకోలేదు నా గుండెని."

అత్తగారికి మోకాళ్ళు నొప్పెడితే కోకా ఆకు నూరి కట్టు కట్టేది నేను. విల్ఫ్రేడోకి నడుం పట్టేస్తే తొక్కేది నేను. పిల్ల దగ్గితే చాలు, నిద్దట్లో ఉన్నా లేచి కూర్చునేది నేను. మరి నాకు ఒళ్ళు బాగోకపోతే ఎవరు చూస్తారన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ పుట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ పుట్టలేదు.

డాక్టరుతో పనవలేదు కాబట్టి పోయిన చలికాలం ఆకులు చూసి వైద్యం చేసే యులోహియో తాతను పిలిపించారు. భయపడ్డవాళ్ళ ప్రాణం భయపడ్డ చోటే ఉండిపోతుందని మా నమ్మకం. మనిషి ఇంటికొస్తుంది, వండుతుంది, కుడుతుంది, ప్రాణం మాత్రం అక్కడే దిక్కులు చూస్తూ నిలబడి ఉంటుంది. ఆ చోటికి వెళ్ళి, మనిషి కట్టిన బట్ట ఊపుతూ, గంట మోగిస్తూ, పేరుపెట్టి పిలిచి ఇంటికి తెచ్చుకోవాలి. తెచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదని తాత ప్రతిసారీ చెబుతాడు. చూస్తే అది మళ్ళీ అక్కడే ఆగిపోతుంది. నేను నవ్వను దీన్ని చూసి. డాక్టరు తీగల కంటే ఇదే నా ఒంటికి దగ్గరగా ఉన్న మాట.

తాత కోకా ఆకులు గుడ్డ మీద చల్లి చూశాడు. "భయమే. ఎక్కడ భయపడ్డావు తల్లీ?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "ఇంకెక్కడ తాతా, మినీబస్సులోనే. వీడి బండి దీపస్తంభానికి తగిలినప్పుడు ముందు సీట్లో ఇదే ఉంది. అప్పట్నుంచే ఈ వేషాలు."

బండికి అద్దం పగిలింది, అంతే. ఆ రోజు నేను నవ్వాను కూడా. నా చేతులు మొద్దుబారడం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలైంది. అయినా తలూపాను. శుక్రవారం పొద్దువాలే వేళ ఆ మలుపు దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ బస్సులు హారన్లు కొడుతుండగా, తాత నా శాలువా ఊపి పిలిచాడు. "రా బసీలియా, రా. అక్కడుండకు." నడుమ ఆయన ఫోను మోగితే ఎత్తి, "పన్లో ఉన్నానయ్యా," అని మళ్ళీ పిలిచాడు. ఇంటికొచ్చాక శాలువా నాకు కప్పారు. పొద్దున్నే అత్తగారు, "తగ్గిందిగా?" అంది. "తగ్గిందండీ," అన్నాను. తగ్గకపోవడం కూడా నా తప్పే అవుతుందని తెలుసు. మూడోనాడు పొయ్యి దగ్గర ఊపిరాడక కూలబడితే అదే మాటన్నారు. "పిలిచినా రాని ప్రాణమేం ప్రాణమే నీది."

లేని చోట ఎంత పిలిస్తే మాత్రం ఎలా వస్తుంది?

మైరా ఇంకా నడక నేర్వని రోజులు. మా అత్తగారు గురువారం, ఆదివారం సంతలో ఉన్ని అమ్ముతుంది. వెళ్తూ బయటి నుంచి గేటుకు తాళం వేసుకుని పోతుంది. "లోపల మిషన్లున్నాయి, ఊరివాళ్ళ బట్ట ఉంది, దొంగలు పడితే నువ్వాపుతావా?" అనేది. నిజమే, దొంగల్ని బెదిరించడానికి కరెంటు స్తంభాలకు గుడ్డబొమ్మల్ని ఉరేసి వేలాడదీసిన వీధి మాది. బట్టతో పాటు, మిషన్లతో పాటు నన్నూ లోపల పెట్టి తాళం వేస్తున్నారని అప్పట్లో నాకు తట్టలేదు. కోడళ్ళున్న ఇళ్ళు ఇంకా కొన్ని అలాగే ఉండేవి.

ఆ గురువారం పిల్లకు జ్వరం. మధ్యాహ్నానికి కళ్ళు పైకి తిరిగిపోయాయి, పళ్ళు కరుచుకుపోయాయి, ఒళ్ళు కొయ్యబారి కొట్టుకుంటోంది. విల్ఫ్రేడోకి ఫోను చేశాను. "బండి మీదున్నాను, అమ్మనడుగు," అని పెట్టేశాడు. అమ్మ దగ్గర ఫోను లేదు, ఉన్నది తాళంచెవి. పిల్లను చంకనేసుకుని గేటును పిడికిలితో బాదాను. తర్వాత ఇస్త్రీపెట్టె తెచ్చి దాంతో బాదాను. పక్కింటి కప్పు మీద ఇటుకలు పేరుస్తున్న మేస్త్రీ ఒకతను నిచ్చెన వేసుకుని గోడెక్కాడు. గోడ మీద వరసగా గాజుపెంకులు. "నువ్వు ఎక్కలేవక్కా, కోసుకుపోతాయి. పిల్లనియ్యి," అని చేతులు చాచాడు. చారల దుప్పట్లో మూటగట్టి, మునివేళ్ళ మీద నిలబడి, బిడ్డను ఎవరో తెలియని మనిషి చేతుల్లోకి ఎత్తాను. గోడ అవతల పక్కింటి అసుంతమ్మ గొంతు వినిపించింది, టాక్సీ తలుపు మూసిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు.

పొద్దువాలిందాకా గేటు దగ్గర కూర్చున్నాను. నా బిడ్డ బతికుందో పోయిందో నాకు తెలియదు. అంతసేపూ తెలియదు.

అత్తగారు వచ్చి తాళం తీసింది. "వీధంతా దండోరా వేశావటగా. గేటుకు సొట్టలు పడ్డాయి చూడు," అంది. రాత్రి విల్ఫ్రేడో, "పరాయి మగాడి చేతికి పిల్లనిచ్చావా? వాడెవడో ఏంటో తెలుసా నీకు?" అన్నాడు. మర్నాడు అసుంతమ్మ చంకన మైరా మందులతో, నవ్వుతూ ఇంటికొచ్చింది. "ఏమీ కాలేదుగా పిల్లకి," అన్నారు ఇద్దరూ, ఆ సంగతి అక్కడితో సరి. గేటుకు ఆకుపచ్చ రంగు వేయించారు. కొన్నాళ్ళకు రెండో తాళంచెవి చేయించమని అడిగితే అత్తగారు నా మొహంలోకి చూసి, "ఎందుకూ, ఎక్కడికెళ్తావు?" అంది. వియాచాలో మా అక్క ఇలారియా ఉంది. ఎప్పుడు ఫోను చేసినా, రావే, పడుకోవడానికి చోటుందే అంటుంది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. మరుసటి గురువారం మళ్ళీ తాళం పడింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పడుతూనే ఉంది.

చూన్యో తొక్క తీసిన ఆ పొద్దున్న మైరా చీమల సంగతి నానమ్మకూ చెప్పింది. "అంటించావుగా పిల్లక్కూడా," అంది అత్తగారు నాతో. అంటించానన్నది నిజమే. గేటు గడియ చప్పుడైతే నా భుజాలు పైకి లేస్తాయి, దాని భుజాలూ లేస్తాయి. ఇంకో పదేళ్ళకు ఎవరి ఇంట్లోనో పొయ్యి వైపు తిరిగి, ఎవరూ చూడకుండా గాలి పీలుస్తూ నిలబడే ఆడది నా కళ్ళముందు కనిపించింది. నాకేమైనా సరే. దానికి వద్దు.

శుక్రవారం సాయంత్రం యులోహియో తాత మళ్ళీ వచ్చాడు. ముంగిట్లో గుడ్డ పరిచి ఆకులు చల్లాడు. విల్ఫ్రేడో గోడకానుకుని నిలబడ్డాడు. "ఎక్కడ భయపడ్డావు చిట్టితల్లీ?" అన్నాడు తాత.

"అదే, ఆ మినీబస్సు..." అని మొదలుపెట్టింది అత్తగారు.

"నేను మినీబస్సులో లేనుగా నానమ్మా. బడిలో ఉన్నాను."

విల్ఫ్రేడో నవ్వాడు. "మరెక్కడే?"

మైరా నా వైపు చూసింది. "అమ్మకి తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. మెడ బిగిసింది. పెదవులు నావి కాకుండా పోయాయి. ఇప్పుడు కూలబడితే నన్ను లోపల పడుకోబెట్టి నా బదులు వాళ్ళే చెప్పేస్తారు. గోడ పట్టుకుని నిలబడ్డాను.

"గేటు దగ్గర," అన్నాను.

"ఏ గేటు?"

"మన గేటే."

"పాత సంగతులు ఇప్పుడెందుకు తవ్వుతావు? మా అమ్మ మీద నింద వెయ్యడానికి కాకపోతే," అన్నాడు విల్ఫ్రేడో.

"నా గేటుకేమొచ్చింది?" అంది అత్తగారు.

"సొట్టలున్నాయత్తయ్యా. రంగు కిందున్నాయి. చెయ్యి పెట్టి చూడండి."

ఎవరూ చెయ్యి పెట్టలేదు. తాత ఆకుల వంక చూసి, ఆకాశం వంక చూసి, చీకటి పడకముందే ఇంకో ఇంటికి వెళ్ళాలి కాబోలు, లేచాడు. "సరే, అక్కడే పిలుద్దాం. తల్లీబిడ్డలిద్దర్నీ పిలుస్తాను. గేటు తెరవమ్మా గుమెర్సిందా. తాళమేసుంటే ప్రాణం లోపలికెలా వస్తుంది?"

మనుషులు ఇంట్లో ఉన్నా సాయంత్రమైతే గేటుకు తాళం వేసే అత్తగారు పావడా మడతలోంచి తాళంచెవి తీసింది. గేటు బార్లా తెరుచుకుంది. నా కోసం ఆ గేటు తెరవడం అదే మొదలు.

తాత ఒక చేతిలో మైరా స్వెట్టరు, నా శాలువా పట్టుకుని, రెండో చేత్తో గంట మోగిస్తూ వీధి వైపు పిలిచాడు. "రా మైరా, రా. అక్కడుండకు. రా బసీలియా, రా. నీ ఇల్లు నీకోసం చూస్తోంది." ఇంకేం చెప్పాలన్నట్టు మా వైపు చూశాడు.

"పొయ్యి ఎదురుచూస్తోందని చెప్పు," అంది అత్తగారు.

"రా బసీలియా, నీ పొయ్యి ఎదురుచూస్తోంది."

"మిషను మీద యూనిఫారాలు అలాగే ఉన్నాయి," అన్నాడు విల్ఫ్రేడో. వేళాకోళానికి కాదు. పాపం, నిజంగా సాయం చేద్దామనే అన్నాడు.

"రా బసీలియా, నీ మిషను ఎదురుచూస్తోంది. రా, నీ అత్త మోకాళ్ళు ఎదురుచూస్తున్నాయి..."

నేను వింటున్నాను. నేనే ఆ ప్రాణాన్నయితే ఈ పిలుపు విని వచ్చేదాన్నా? గోడ దాటిన బిడ్డ వెంట ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది అది. ఇన్నేళ్ళుగా వీధిలో నిలబడి ఉంది. తప్పిపోయి కాదు, దానికి దారి తెలుసు. నేను బయటికి వస్తానని చూస్తోంది. దాన్ని మళ్ళీ లోపలికి లాక్కొచ్చి తాళం వెయ్యడానికి ఇంతమందిమి గంట పట్టుకుని నిలబడ్డాం.

తాత చేతిలోంచి శాలువా తీసుకుని కప్పుకున్నాను. స్వెట్టరు మైరాకి తొడిగాను. బొత్తాలు పెట్టడానికి వేళ్ళు సహకరించలేదు, అదే పెట్టుకుంది. చెయ్యి పట్టుకుని గేటు దాటాను.

"ఎక్కడికి?" అంది అత్తగారు. ఆవిడ గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"అది లోపలికి రాదత్తయ్యా. మేమే దాని దగ్గరికి వెళ్తున్నాం."

"బసీలియా," అని పిలిచాడు విల్ఫ్రేడో. తాత పిలిచినట్టే, సాగదీసి. వియాచా బస్సు వీధి చివర ఎక్కాలి. గుండె ఎప్పటిలాగే పరుగెడుతోంది, ఊపిరి సగమే అందుతోంది, ఇది రేపు పొద్దున కూడా ఉంటుంది, అక్క ఇంట్లో కూడా ఉంటుంది. మైరా తల తిప్పబోయింది.

"వెనక్కి చూడకూడదు," అన్నాను. "తాత చెప్పాడుగా."