గుమ్మడి కింది చుట్టకుదురు

నేను ఒక చుట్టకుదురుని. ఎండుగడ్డిని మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, పైన పాత చీర పేలిక బిగిస్తే తయారయ్యేదాన్ని. నాకు మూత లేదు, అడుగు లేదు, నడుమ ఉన్నదంతా ఖాళీయే. ఆ ఖాళీలో ఏది కూర్చుంటే దాన్ని మోయడమే నా పని. నన్ను ఎవరూ సంతలో బేరమాడరు, పోగొట్టుకుంటే వెతకరు. అయినా బాగా బతికాననే చెబుతాను. ఎందుకో వింటే మీరూ ఒప్పుకుంటారు.

పార్వతీపురం దాటాక కొండల అంచున ఉన్న చిన్న ఊళ్లో తవిటమ్మ అనే ఆవిడ నన్ను చుట్టింది. నూర్పులయ్యాక కళ్లంలో మిగిలిన వరిగడ్డి మీద నీళ్లు చిలకరించి, ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, రెండో కొస మెలిపెడుతూ పోయింది. చివర్న తన నీలం చీర చెంగు చించి చుట్టి, ఒకసారి నెత్తిమీద పెట్టి చూసుకుని, "కుదిరింది" అంది. అంతకన్నా ఘనమైన నామకరణం నాకు అక్కర్లేకపోయింది.

చాలా ఏళ్లు ఆవిడ నెత్తికీ నీళ్లబిందెకీ మధ్య కాపురం చేశాను. గెడ్డకు పోవడం, నీళ్లు తేవడం. ఊళ్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరి ఆవు ఈనిందో అంతా నాకు దారిలోనే తెలిసిపోయేది. బిందె తొణక్కుండా నోటిని మాత్రం అంత వేగంగా కదిలించడం ఆడవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో ఇప్పటికీ అంతుపట్టదు. తర్వాత వీధిలోకి కుళాయి వచ్చింది. అందరూ సంతోషించారు, నేను పశువులశాలలో మేకుకు వేలాడాను. కుళాయి మీద నాకు కోపమేమీ లేదు. తవిటమ్మ మెడనొప్పి తగ్గింది కదా.

నా అసలు కథ ఆ మేకు మీంచి దిగాకే మొదలైంది.

తవిటమ్మకు తియ్యగుమ్మడి విత్తనమంటే ప్రాణం. పెళ్లై వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం అది. ఆ పుట్టినూరు ఇప్పుడు లేదు. ఆనకట్ట కట్టినప్పుడు ఇళ్లూ, దొడ్లూ, దారులూ అన్నీ నీళ్ల కిందికి పోయాయి. అమ్మా పోయింది. ఏటేటా పెరట్లో పాకే ఆ తీగ ఒక్కటే మిగిలింది. భర్త పోయిన ఏడు కూడా తవిటమ్మ గుమ్మడి పెట్టడం మానలేదట.

నేను చెబుతున్న ఏడు ఎలుకలు విత్తనాలను కొట్టేశాయి. వెతగ్గా వెతగ్గా దొరికిన కాసిన్ని గింజల్ని తొలకరికి పెంటకుప్ప పక్కన నాటితే ఒక్కటే మొలిచింది. ఆ ఒక్కతీగా ఆముదం మొక్కల వైపు పాకింది. పువ్వులు విరగబూశాయి, రాలిపోయాయి. చివరికి ఒకే ఒక్క పిందె నిలబడింది. అది ముదిరి గింజ కడితే వాళ్లమ్మ గుమ్మడి ఉంటుంది, లేదంటే లేదు.

పిందె కనిపించిన పొద్దున తవిటమ్మ అటూ ఇటూ చూసింది. పిందెను వేలెత్తి చూపిస్తే కుళ్లిపోతుందని అక్కడి నమ్మకం. అందుకని, చూసేవాళ్లెవరూ లేకపోయినా, చేతిని పిడికిలి చేసి కొంగులో దాచుకుంది. శాలలోకి వచ్చి నన్ను మేకు మీంచి తీసి, దుమ్ము దులిపి, తీసుకెళ్లి పిందె కింద పెట్టింది. తడినేల తగిలితే కాయ అడుగు చివుకుతుంది మరి. పైన ఆకులు సర్ది, ముళ్లకంప కప్పింది. అప్పటికి ఆ పిందె నా ఖాళీలో ఒక మూలకు కూడా చాలలేదు. అయినా మళ్లీ నా మీద ఒకటి కూర్చుంది! నా సంతోషం ఏమని చెప్పను.

ఆ రోజు నుంచి తవిటమ్మ ఎవరడిగినా ఒకటే మాట చెప్పేది. "కాయా నేదు, పిందె నేదు, ఒట్టి తీగే." దిష్టి తగలకుండా ఆడే అబద్ధం అది. ఆ ఊళ్లో దాన్ని ఎవరూ తప్పనుకోరు. కొడుకు గుంపస్వామికి మాత్రం చెప్పక తప్పలేదు, అతను ఎద్దుల్ని అటే తోలుతాడు కాబట్టి. "ఆముదాల కాడికి పశువుని పోనీకు. కాయుంది. నోరెత్తకు" అంది. అతను నోరెత్తలేదు. ఆ వేసవిలోనే కోడలై వచ్చిన దమయంతి దగ్గర కూడా ఎత్తలేదు.

దమయంతి కష్టపడే పిల్ల. అత్తగారి ఇంట్లో ఏ పని ఎవరూ చెప్పకముందే చెయ్యాలని ఆరాటం. ఇంకా ఏ గిన్నె ఎక్కడ ఉంటుందో పూర్తిగా తెలియదు, అడిగితే ఏమనుకుంటారోనని బెరుకు. ముళ్లకంప పక్కనుంచే రోజూ పెంట తట్ట మోసుకెళ్లేది. నేను ఆమె పాదాలు చూస్తూ ఉండేదాన్ని. గడ్డి మెలికకు నోరుంటే ఒక్క మాట చెప్పేదాన్నే.

వానలు తగ్గుముఖం పట్టాయి. గెడ్డ ఒడ్డున రెల్లు పూసింది. ఆకుల మీద పొద్దున్నే మంచు కనపడసాగింది. తీగ మొదట్లోని ఆకులు పసుపెక్కి ముడుచుకున్నాయి. పైన కాయ రోజురోజుకీ బరువెక్కి నన్ను నేలలోకి నొక్కుతోంది. నా గడ్డి కీచుమంటోంది. అంత హాయి నాకు బిందె కింద కూడా తెలియలేదు. ఇంకొన్నాళ్లు ఆగితే తొడిమ కర్రలా ఎండేది, తొక్క మీద గోరు దిగకుండా గట్టిపడేది. అప్పుడు కోసుకోవచ్చు.

ఇంతలో తవిటమ్మ చెల్లెలి కూతురు పురుటికొచ్చిందని కబురొచ్చింది. చూడటానికి బయల్దేరుతూ తవిటమ్మ వీధిలో నిలబడితే, పొరుగింటి అచ్చియ్యమ్మ, "ఈ యేడు గుమ్మడి కాసిందేటి?" అని అడిగింది. తవిటమ్మ అబద్ధానికి ఇంకాస్త మసాలా దట్టించింది.

"ఏటి కాయడం! ఉత్తి తీగ. తీసి పారీసి ఉలవలు జల్లుకోవాల."

గుమ్మంలో ఉన్న దమయంతి ఆ మాట విన్నది.

మరునాడే గుంపస్వామి పొలం వెళ్లాక కొడవలి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అత్త వచ్చేసరికి నేల శుభ్రం చేసి, ఉలవలు జల్లి చూపించాలని ఆమె ఆశ. తీగ మొదలు ఒక్క వేటుకు తెగింది. రెండు చేతులా పట్టి లాగింది. ముళ్లకంప కదిలింది, ఆకులు తొలిగాయి, ఇంకా పచ్చదనం పోని అంత పెద్ద కాయ నా మీంచి దొర్లి ఆమె కాళ్ల దగ్గర ఆగింది.

"ఓలమ్మో!" అని అక్కడే కూలబడింది.

తర్వాత తొడిమ జానెడు ఉంచి తీగను కోసి, కాయనూ నన్నూ మోసుకుని లోపలికి తెచ్చింది. మధ్యాహ్నం గుంపస్వామి వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"కోసీసినావేటి? అమ్మ సూత్తే సచ్చిపోద్ది!"

"నీకు తెల్సా కాయుందని?"

"అమ్మ సెప్పద్దంది."

దమయంతి కాయ పోయినందుకు కాదు, ఆ మాటకు ఏడ్చింది. ఇంట్లో ఉన్నదే ముగ్గురు. ఇద్దరికి తెలుసు. మూడో మనిషికి అచ్చియ్యమ్మతో పాటు అబద్ధం చెప్పారు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

తవిటమ్మ తిరిగొచ్చింది. సంచి దించకుండానే కాయను చూసింది. వంగి గోటితో నొక్కింది. గోరు మెత్తగా లోపలికి దిగింది. కాయ ముదరలేదు. లోపల గింజ తాలుగా ఉంటే ఇక విత్తనమే లేదు.

"ఎవులు కోసినారు?"

"నానే అత్తా. కాయ నేదన్నావు. ఉలవలు జల్లుకోవాలన్నావు."

తిట్టాలంటే ఆ పిల్లను తిట్టడానికి తవిటమ్మకు వీల్లేదు. కోడలు చేసిన పని తను చెప్పినదే కదా.

"ఈ ఇంట్ల నాకొక్కదానికే సెప్పనేదు" అంది దమయంతి. "నాకు తెలిత్తే నానూ కాపు కాద్దును గదా."

తవిటమ్మ కాయను ఎత్తి అటక మీద పెట్టింది, కింద నన్ను సర్ది. కోసిన కాయ కూడా తొడిమతో ఉంటే లోపల గింజకు కొంత బలం పడుతుంది. ఆ ఆశతో.

ఇక అటక మీద రోజులు. ఒకే పక్కన కూర్చుంటే కాయ అడుగు మెత్తబడుతుంది, కాబట్టి రోజూ తిప్పాలి. తవిటమ్మ పొద్దున్నే నిచ్చెనెక్కి, అడుగు భాగం పైకి వచ్చేలా కాయను తిప్పి, శాలకు వెళ్లేది. ఆవిడ అటు వెళ్లగానే దమయంతి చప్పుడు కాకుండా ఎక్కి, తనూ ఒకసారి తిప్పేది. ఇద్దరి మధ్యా అప్పటికి అవసరానికి మించి మాటల్లేవు, అందుకని ఒకరి పని ఒకరికి తెలియదు. ఫలితం ఏమిటంటే, అంత శ్రద్ధగా రెండుసార్లు తిరిగిన కాయ రోజూ అదే చెంప నా మీద ఆనించి కూర్చునేది. ఆ చెంప కొద్దికొద్దిగా మెత్తబడటం నాకు తెలుస్తోంది. మనుషులు ఒకరి మీద ఒకరు అలిగితే మధ్యలో గుమ్మడికాయకొచ్చే కష్టం ఇది. నిజంగా భయపడ్డాను.

కాపాడింది సున్నం బొట్టు. ఏ వైపు తిప్పిందో గుర్తుండటానికి తవిటమ్మ ఒక రోజు కాయను తిప్పి, పైకొచ్చిన చెంప మీద బొట్టు పెట్టింది. మరునాడు చూస్తే బొట్టు కిందకు పోయి నాకు అంటుకుని ఉంది. మళ్లీ తిప్పి పెట్టి, శాలకు పోయినట్టే పోయి, తలుపు చాటున నిలబడింది. నిచ్చెన కిర్రుమంది. దమయంతి చేతులు కాయ మీద పడ్డాయి.

"ఓసి నీ! నువ్వా తిప్పుతన్నావు?"

దమయంతి అదిరిపడి నిచ్చెన పట్టుకుంది. "కుళ్లిపోద్దని, అత్తా. రోజూ తిప్పుతన్నాను."

"నానూ రోజూ తిప్పుతన్నానే!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు తవిటమ్మ నవ్వింది. నవ్వుతూ నిచ్చెన మొదట్లోనే కూర్చుండిపోయింది. దమయంతి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"నీకు సెప్పాల్సింది, పిల్లా" అంది తవిటమ్మ కళ్లు తుడుచుకుంటూ. "బయటోళ్ల కాడ దాసి దాసి, ఇంట్ల కూడా అదే అలవాటైపోనాది."

ఆ తర్వాత తిప్పే పని దమయంతిదే. కార్తీకం చివరికి కాయ బాగా రంగు తిరిగింది.

కోసే రోజు గుంపస్వామిని పిలిచారు. నిండు గుమ్మడికి మొదటి గాటు మగవాడే పెట్టాలి. అతను గంభీరంగా కత్తి పట్టి, ఒక్క గాటు పెట్టి, కాయంతా తనే పండించినట్టు చేతులు దులుపుకుని వెళ్లాడు. మిగిలిన కోత, తరగడం, గింజలు తీయడం అంతా అత్తాకోడళ్లది. మెత్తబడిన చెంప తీసేయగా మిగిలిన కండ చప్పగా ఉంది. బెల్లం కాస్త ఎక్కువే వేసి పులుసు పెట్టారు. ఎవరూ వంక పెట్టలేదు.

గింజల్ని నీళ్లలో వేశారు. తాలువన్నీ తేలిపోయాయి. తవిటమ్మ ముఖం తిప్పుకుని, "నాను సూడనేను. నువ్వు ముంచు సెయ్యి" అంది. దమయంతి మోచేతి దాకా నీళ్లలో పెట్టి అడుగు తడిమింది. పైకి తీసిన గుప్పిట్లో బరువైన గింజలున్నాయి. ఎక్కువ లేవు. ఉన్నాయి. తవిటమ్మ ఆ గుప్పిటను తన రెండు చేతులతో మూసి కళ్లకద్దుకుంది. వాటిని బూడిదలో పొర్లించి, పేడముద్దలో అద్ది, ఈసారి ఎలుకలకు అందనంత ఎత్తున గోడకు కొట్టింది దమయంతే.

నేను అప్పటికి చివికిపోయాను. కాయ చెమ్మ నా గడ్డిలోకి దిగింది. పెంటకుప్పలో పడ్డాను, ఎండాకాలమంతా అక్కడే. తొలకరికి గుమ్మడి పాదు తవ్వుతూ దమయంతి నన్ను చూసి, "అత్తా, సుట్టకుదురు" అంది. "పాదులో ఎయ్యి, బలం" అంది తవిటమ్మ. నా మీద మట్టి, మట్టిలో గింజలు. కొన్నాళ్లకు సన్నని వేళ్లు వచ్చి నా గడ్డి మెలికల్ని ఒక్కొక్కటే విప్పాయి. ఇప్పుడు నాలో మిగిలింది నీలం పేలిక ముక్క, ఈ కాస్త జ్ఞాపకం. బరువు మోసే పని ఇంకా చేస్తున్నాను, తీగ నా మీదనే నిలబడింది.

నిన్న అచ్చియ్యమ్మ దడి మీంచి తొంగిచూసింది. "గుమ్మడి కాసిందేటి?"

"ఏటి కాయడం, పిన్నీ" అంది దమయంతి, కలుపు తీస్తున్న చెయ్యి ఆపకుండా. "పువ్వులన్నీ రాలిపోతన్నాయి. ఒక్క పిందె నిలబడనేదు."

"మాకీ యేడు కలిసి రానేదు" అని అరుగు మీంచి తవిటమ్మ వంత పాడింది.

అచ్చియ్యమ్మ వెళ్లిపోయాక దమయంతి పిడికిలి బిగించి, కొంగు కింద దాచి, అత్త పక్కన చేరింది.

"అత్తా, ఆముదాల కింద రెండు నిలబడినాయి."

"ఏలెత్తినావేటి?"

"నేదు. సూడు."

తవిటమ్మ ఆ పిడికిలి చూసి తృప్తిగా తలాడించింది. గొంతు తగ్గించి అడిగింది. "గుంపడికి సెప్పినావా?"

"సెప్పనేదు."

ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత దమయంతి గడ్డిపరకలు తెచ్చి, ఒక కొస బొటనవేలికి తగిలించుకుని, కొత్త కుదురు మెలిపెట్టడం మొదలుపెట్టింది. పేలిక మాత్రం ఈసారి తన చీరదే చించింది.