అడవిపిల్లి చూపు

ఆ రోజుల్లో ఫిలడెల్ఫియాలో జంతువుల బొమ్మలు నలుపులో అచ్చువేసి, రంగులు చేత్తో అద్దేవారు. రంగులద్దే అమ్మాయిల్లో ఒక్కొక్కరిది ఒక్కో రంగు. అడవిపిల్లి కళ్లకు పసుపు వేయడం కెజియా పని. ఎదురుగా పెట్టుకునే నమూనా బొమ్మ, చచ్చాక గడ్డి కూరిన పిల్లిని చూసి గీసింది. అందులో లేనిది ఒక్క చుక్క వేసినా పని పోతుంది.

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి మంచు వెలుగు పడుతుంటే, పిల్లి తనను చూడాలని తపిస్తున్నట్టు అనిపించింది కెజియాకు. కంటిలో తెల్లచుక్క పెట్టేసింది. గదిలోకి అడవి వచ్చి కూర్చున్నట్టయింది.

"ఎవర్నడిగి పెట్టావే?" అంది వాళ్లమీద అజమాయిషీ చేసే హల్డా.

"దానికి చూపు లేదమ్మా."

"నీకుందా? నమూనా కనబళ్లేదూ?"

హల్డా బొమ్మ లాక్కుని చాలాసేపు చూసింది. తర్వాత కుంచె ముంచి, నమూనాకూ ఆ చుక్క పెట్టింది.

"ఊఁ, ఇకమీదట అందరూ ఇలాగే వేయండి."