మడమతో బ్రేకు

ఉల్లిపాయలు తరుగుతున్నంతసేపూ బల్ల కింద ఆమె కుడిపాదం ఆడుతూనే ఉంది. ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలైనా ఆ పాదానికి ఎవరూ కబురు చెప్పినట్టు లేదు. ఇరవై రెండేళ్ళు చొక్కాలకు కాలర్లు కుట్టిన పాదం అది. కుట్టు మిషనును మునివేళ్ళతో పరిగెత్తించి, మడమ నొక్కి టక్కున ఆపేది. ఆమె అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. అందరికీ ఆమె కాలరమ్మ.

"వేళ్ళు తెగుతాయే, చూసుకో," అన్నాడు భర్త. ఆయన అదే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఓడల్లో వచ్చి దిగిన చొక్కాలు ఇక్కడి గుడ్డ ధర కంటే చవగ్గా దొరికేసరికి, ఇద్దరూ ఒకే రోజు పని పోయి ఇంటికొచ్చారు.

"ఇవాళ వేలు తెగినా నాకు తెలీదండీ," అంది కాలరమ్మ.

తెలిసేలా లేదు మరి. తెల్లవారినప్పటి నుంచీ ఆవిడ కాళ్ళు నేల మీద ఆగడం లేదు. దిగుమతుల దెబ్బకు పని పోయినవాళ్ళకు ప్రభుత్వం కొత్త పని ఉచితంగా నేర్పిస్తానంది, నేర్చుకున్నన్నాళ్ళూ భత్యం ఇస్తానంది. జాబితాలో టైపింగు ఉంది, వంట ఉంది, రోగుల సేవ ఉంది. కాలరమ్మ వేలు తిన్నగా వెళ్ళి బస్సు డ్రైవరు దగ్గర ఆగింది. అందులో చేర్చుకోవడానికి పెట్టే పరీక్ష ఇవాళే. తప్పితే మళ్ళీ అవకాశం లేదు.

"సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళద్దాలు వెతుక్కునేదానివి, నువ్వు బస్సు తోలతావా?"

"దారం కంటే రోడ్డు వెడల్పే కదండీ."

ఆయన నవ్వలేదు. కత్తెర పట్టిన చేత్తో మరొకటి పట్టనని మొండికేసి కూర్చున్న మనిషి. ఆయన్ని కూడా ఆ శిక్షణకు దరఖాస్తు పెట్టమన్న మాటెత్తితే చాలు, కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఆమె కూడా ఎత్తడం మానేసింది.

మైదానంలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. అందరూ ఆ ఫ్యాక్టరీలో కుట్టినవాళ్ళే. మొదటి పిలుపు కాలరమ్మకు. గేర్లు మార్చే పనిలేని చిన్న వ్యాను. పక్క సీట్లో కూర్చున్న ట్రైనరు ఏది నొక్కితే కదులుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో రెండుసార్లు చెప్పాడు. ఆమె రెండుసార్లూ బుద్ధిగా తలూపి, చెప్పులు విప్పేసింది. మిషను మీద ఎప్పుడూ వట్టికాళ్ళే.

వ్యాను కదిలింది. అబ్బ, అంత బరువూ ఎంత తేలిగ్గా కదిలిందో. తన కాలు చెప్పిన మాట విని ఒక ఇల్లు ఇల్లంతా నడుస్తున్నట్టనిపించి ఆమె ఒళ్ళు పులకరించింది. ఎదురుగా తెల్లగీత వచ్చింది.

"ఆపండి," అన్నాడు ట్రైనరు.

ఆపింది. అంటే, మునివేళ్ళు ఎత్తి మడమను గట్టిగా నొక్కింది, ఇన్నేళ్ళూ ఆపినట్టే. మిషనైతే ఆ క్షణమే నిలబడిపోయేది. వ్యాను మాత్రం తీరిగ్గా గీత దాటి, అవతల పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో మూడింటిని దొర్లించింది. ట్రైనరు తన వైపున్న బ్రేకు తొక్కేలోపు నాలుగోదీ పడింది.

ట్రైనరు కలం తీశాడు. అది కాగితానికి తగిలేలోపు ఏదో ఒకటి అనకపోతే కొంప మునుగుతుందని కాలరమ్మకు తెలిసిపోయింది.

"బాబూ, నేను ఆపాను. మడమతో ఆపాను. మా మిషన్లు అలాగే ఆగుతాయి."

"చాలా సాకులు విన్నానమ్మా. ఇది మాత్రం కొత్తది."

"సాకు కాదు. కావాలంటే వాళ్ళనడగండి."

ట్రైనరు కిటికీలోంచి తల బయటపెట్టి వరుసకేసి కేకేశాడు. "మీరు మిషను ఎలా ఆపుతారమ్మా?"

ఎనిమిది కుడి మడమలు ఒక్కసారిగా నేలకు నొక్కుకున్నాయి. ఆయన ఆ మడమలను చూశాడు, ఇంకా పడకుండా మిగిలిన నాలుగు డ్రమ్ములను చూశాడు, కలం జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇలాగైతే సాయంత్రానికి మైదానంలో ఏమీ మిగలదు. అందరూ రండి. ముందు ఇంజను ఆపేసి కాళ్ళకు పాఠం చెబుదాం. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి."

గంటసేపు ఒకరి తర్వాత ఒకరు ఆ సీటెక్కారు. పాదం ఎత్తు, పక్కకు పెట్టు, వేళ్ళతో నొక్కు. ఒకరి మడమ దిగబోతే ఎనిమిదిమంది "వేళ్ళు, వేళ్ళు" అని అరిచేవారు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకున్నారు.

రెండోసారి వ్యాను గీతకు జానెడు ముందే మెత్తగా ఆగింది. ట్రైనరు కాగితం మీద టిక్కు పెట్టాడు. కాలరమ్మ కిందికి దిగి, నలభై ఆరేళ్ళ వయసును కూడా పక్కనబెట్టి, ఎగిరి గంతేసింది.

శిక్షణ వేరే ఊళ్ళో, మర్నాటి నుంచే. నాలుగు నెలలు అక్కడే హాస్టల్లో ఉండాలి. సాయంత్రం బస్సుకే బయలుదేరమన్నారు. ఇంట్లో ఆమె సంచీ సర్దుతూ డ్రమ్ముల కథ మూడుసార్లు చెప్పింది. మూడోసారి నాలుగో డ్రమ్ము దగ్గర కటింగ్ మాస్టరుకు నవ్వు ఆగలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వు తగ్గాక ఆమె చేతుల్లోంచి బట్టలు తీసుకుని, అంచుకు అంచు కలిపి తనే మడతపెట్టాడు.

"నాలుగు నెలలేగా," అన్నాడు.

"ఊఁ. వేళకు తినండి."

బస్సులో డ్రైవరు వెనక సీటే దొరికింది. ఆమె ఆనందం పట్టలేక అతని కుడిపాదం మీంచి చూపు తిప్పలేదు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలన్న సంగతి గుర్తొచ్చేసరికి బస్సు వీధి మలుపు తిరిగిపోయింది.

కటింగ్ మాస్టరు ఇంటికొచ్చి లైటు వేశాడు. బల్ల మీద ఉప్పు డబ్బా కింద ఒక దరఖాస్తు ఉంది. తన పేరు, పుట్టిన తేదీ, ఫ్యాక్టరీలో చేసిన ఏళ్ళు, అన్నీ ఆమె గుండ్రటి అక్షరాల్లో నింపి ఉన్నాయి. 'నేర్చుకోదలచిన పని' అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది, దాని పక్కనే మూత తీసిన కలం.